టైమింగ్ బెల్టు

టైమింగ్ బెల్టు అనగా మోటారు వాహనాల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు భ్రమణాన్ని క్యామ్‌షాఫ్టుకు అందజేసే పళ్ళుగల రబ్బరు పట్టీ. ఈ రెండు షాఫ్టుల కదలికల మధ్య ఉండవలసిన కాలసంబంధాన్ని నిలిపి ఉంచుతుంది కాబట్టి దీనికి ఈ పేరు వచ్చింది. ఇది నిర్ణీత కాలానికి మార్చవలసిన భాగం. సకాలంలో మార్చకపోతే నడుస్తున్న ఇంజనులోనే తెగిపోయి, కొన్ని రకాల ఇంజన్లలో వాల్వులను, పిస్టన్లను పాడుచేస్తుంది. మార్చేటపుడు గుర్తులు సరిగా కలపకపోయినా ఇటువంటి నష్టమే జరగవచ్చు. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాలలో నేటికీ తిరుగుతున్న పాత మారుతి 800, ఓమ్ని, జెన్, శాంత్రో, ఇండికా వంటి కార్లలో ఈ బెల్టే ఉంటుంది. అందుచేత ఈ విషయం విద్యార్థులకే కాక పాత కారు ఉన్న ప్రతివారికీ ఉపయోగపడుతుంది.

పని చేయు విధానం

నాలుగు ఘాతాల ఇంజనులో పిస్టను గాలిని పీల్చడం, నొక్కడం, ఇంధనం మండినపుడు శక్తినివ్వడం, పొగను వదలడం అనే నాలుగు పనులు వరుసగా జరుగుతాయి. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. అయితే గాలిని లోనికి వదిలే వాల్వుగాని, పొగను బయటకు పంపే వాల్వుగాని ఆ వ్యవధిలో ఒక్కసారి మాత్రమే తెరచుకోవాలి. కాబట్టి వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరగాలి. క్రాంకు చక్రానికి ఎన్ని పళ్ళు ఉంటాయో క్యామ్ చక్రానికి సరిగ్గా దానికి రెట్టింపు ఉండడానికి కారణం ఇదే.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నపుడు క్రాంక్‌షాఫ్టు సెకనుకు 50 చుట్లు, క్యామ్‌షాఫ్టు 25 చుట్లు తిరుగుతాయి. అనగా ప్రతి వాల్వు సెకనుకు 25 సార్లు తెరచుకుని మూసుకుంటుంది. ఇంత వేగంలో కూడా పిస్టను పైకి వచ్చే వేళకు వాల్వు పక్కకు తప్పుకొని ఉండాలి. మామూలు పట్టీ అయితే చక్రంపై జారిపోయే అవకాశం ఉంది. పళ్ళ పట్టీ జారదు. అందుకే ఫ్యాను బెల్టుకు, టైమింగ్ బెల్టుకు ఇంత తేడా.

బెల్టు లోపల సాగని గాజునార దారాలు పొడవునా ఉంటాయి. బలం వాటిదే. వాటి చుట్టూ రబ్బరు, పళ్ళ మీద అరుగుదలను తట్టుకునే నైలాను గుడ్డ ఉంటాయి. పూర్వపు బెల్టులలో నియోప్రీన్ రబ్బరు వాడేవారు. తరువాతి కాలంలో వేడిని, నూనెను మెరుగ్గా తట్టుకునే హైడ్రోజనీకృత నైట్రైల్ రబ్బరు వాడుకలోకి వచ్చింది. పళ్ళ ఆకారం కూడా మారింది. మొదట్లో సమలంబ చతుర్భుజాకారంలో ఉండిన పళ్ళు తరువాత గుండ్రని వంపు తిరిగాయి. ఒక ఆకారపు చక్రానికి మరో ఆకారపు బెల్టు వాడరాదు.

చరిత్ర

పళ్ళ పట్టీ మొదట 1940వ దశకంలో అమెరికాలో కుట్టు మిషన్ల కోసం తయారయింది. కార్ల తయారీలో దీనిని మొదటగా వాడినది జర్మనీకి చెందిన గ్లాస్ సంస్థ. 1962లో ఆ సంస్థ గ్లాస్ 1004 అనే కారులో క్యామ్‌షాఫ్టును పళ్ళ పట్టీతో నడిపింది. 1966లో ఇటలీలో ఫియట్, అమెరికాలో పాంటియాక్ సంస్థలు ఇదే మార్గాన్ని అనుసరించాయి.

భారతదేశంలో దీర్ఘకాలం రోడ్లను ఏలిన అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లలో క్యామ్‌షాఫ్టు క్రాంక్‌షాఫ్టుకు దగ్గరగా ఇంజను బ్లాకులోనే ఉండేది. దానిని చిన్న గొలుసు నడిపేది. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో పరిస్థితి మారింది. 796 ఘన సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఈ చిన్న ఇంజనులో క్యామ్‌షాఫ్టు హెడ్డు పైభాగానికి చేరింది. దూరం పెరగడంతో గొలుసు స్థానంలో బెల్టు వచ్చింది. 1984లో ఓమ్ని, 1993లో జెన్, 1998లో హ్యుండై శాంత్రో, టాటా ఇండికా ఇదే బాటలో వచ్చాయి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో నిలిచిపోయింది. అప్పటికే అనేక కొత్త కార్లు తిరిగి గొలుసుకు మారాయి. రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు పూర్తయిన సొంత కార్లను తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి గడువు పొడిగించుకునే వీలుంది కాబట్టి బెల్టు ఇంజన్లు రోడ్డు మీద ఇంకా కనిపిస్తున్నాయి.

గొలుసుతో పోలిక

* బెల్టు తేలికైనది, శబ్దం తక్కువ, చవకైనది. దానికి నూనె అవసరం లేదు.
* గొలుసు ఇంజను లోపల నూనెలో తడుస్తూ తిరుగుతుంది. సరైన సమయానికి ఆయిలు మార్చితే ఎక్కువ కాలం మన్నుతుంది.
* గొలుసు వదులైతే చాలావరకు ముందుగా చప్పుడు చేస్తుంది. బెల్టు చాలా సందర్భాలలో ఎటువంటి హెచ్చరికా లేకుండానే తెగిపోతుంది.

తెగిపోతే జరిగే నష్టం

బెల్టు తెగిన క్షణంలో క్యామ్‌షాఫ్టు ఆగిపోతుంది. కారు ముందుకు పోతూనే ఉంటుంది కాబట్టి క్రాంక్‌షాఫ్టు మాత్రం ఇంకా కొన్ని చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఏదో ఒక సిలిండరులో వాల్వు తెరచి ఉన్న స్థితిలోనే నిలిచిపోయి ఉంటుంది. ఆ తరువాత ఏమి జరుగుతుందనేది ఇంజను నిర్మాణంపై ఆధారపడుతుంది.

పూర్తిగా తెరచుకున్న వాల్వుకు, పూర్తిగా పైకి వచ్చిన పిస్టనుకు మధ్య ఖాళీ ఉండే ఇంజన్లు ఒక రకం. వీటిలో బెల్టు తెగితే కారు ఆగిపోతుంది, కొత్త బెల్టు వేస్తే తిరిగి నడుస్తుంది. ఆ ఖాళీ లేని ఇంజన్లు రెండవ రకం. వీటిలో పిస్టను వాల్వును గుద్ది వంచేస్తుంది. అప్పుడు హెడ్డు దించి, వంగిన వాల్వులు మార్చి, వాటి గైడ్లు సరిచూసి, లేతు షాపులో హెడ్డు చదును చేయించి తిరిగి బిగించవలసి ఉంటుంది. ఒక పూటలో అయ్యే పని కొన్ని రోజుల పనిగా మారుతుంది. పాత కారు విషయంలో ఈ ఖర్చు కొన్నిసార్లు కారు విలువకే సమీపిస్తుంది. డీజిలు ఇంజన్లలో సంపీడనం ఎక్కువ, పైన ఖాళీ అతి తక్కువ. కాబట్టి అవి దాదాపు అన్నీ రెండవ రకానికే చెందుతాయి.

ప్రాణభద్రత దృష్ట్యా కూడా ఇది ముఖ్యమైనది. ఇంజను ఆగగానే పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. బ్రేకు బూస్టరులో మిగిలిన శూన్యం రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోయి పెడలు గట్టిపడుతుంది. లారీల రద్దీ ఎక్కువగా ఉండే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద ఇలా జరిగితే, కంగారుపడకుండా ప్రమాద సూచక దీపాలు వేసి, బ్రేకును పదే పదే తొక్కకుండా ఒకే ఒత్తిడితో వాడుకుంటూ కారును ఎడమ అంచుకు చేర్చాలి. తిరిగి స్టార్టు చేసే ప్రయత్నం చేయరాదు. నెట్టించి స్టార్టు చేయడం అంతకంటె హాని. తప్పించుకున్న వాల్వులు కూడా ఆ ప్రయత్నంలో వంగుతాయి.

ఎప్పుడు మార్చాలి

గడువును తయారీదారు నిర్ణయిస్తాడు. పాత ఇంజన్లకు ఇది సాధారణంగా 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దీనితోపాటు సంవత్సరాల పరిమితి కూడా ఉంటుంది. ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అదే గడువు. వారానికి ఒకసారి మాత్రమే బయటకు తీసే కారుకు కిలోమీటర్లు పూర్తి కావు గాని, రబ్బరు మాత్రం కాలంతోపాటు గట్టిపడి పగుళ్ళిస్తుంది. తక్కువ తిరిగింది కాబట్టి బెల్టు బాగానే ఉంటుందనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

కింది లక్షణాలలో ఏది కనిపించినా గడువుతో నిమిత్తం లేకుండా బెల్టు మార్చాలి.

* వీపు మీద అడ్డంగా పగుళ్ళు, పళ్ళ మొదళ్ళలో చీలికలు
* అంచులలో పోగులు లేవడం. ఇది చక్రాలు ఒకే వరుసలో లేవనడానికి గుర్తు.
* పళ్ళు అరిగిపోవడం, ఊడిపోవడం
* ఇంజను ఆయిలుతో గాని, కూలెంటుతో గాని తడిసి ఉబ్బడం
* టెన్షనరు బేరింగు గరగరమని శబ్దం చేయడం

కృష్ణా డెల్టా పరిస్థితులు

గుంటూరు, విజయవాడ పరిసరాలలో ఏప్రిల్, మే నెలలలో ఎండ తీవ్రంగా ఉంటుంది. కొన్ని సంవత్సరాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటింది. ట్రాఫిక్కులో నిలిచిన కారు బానెట్టు కింద వేడి ఇంకా ఎంతో ఎక్కువ. ఈ వేడికి బెల్టుతోపాటు క్రాంకు, క్యామ్ ఆయిలు సీళ్ళు కూడా ఎండి నూనె కారుస్తాయి. ఆ నూనె బెల్టు మీదనే పడుతుంది. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు సముద్రపు గాలికి ఇనుప చక్రాలు, టెన్షనరు స్ప్రింగు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన చక్రం ఆకురాయిలా బెల్టు పళ్ళను అరగదీస్తుంది. కాలువగట్ల మీది మట్టిరోడ్లలో తిరిగే కార్లలో బెల్టు కవరు కింది భాగం పగిలి ఉంటే దుమ్ము, బురద లోనికి చేరతాయి.

వరద నీటిలో మునిగిన కారు విషయం వేరుగా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్ సింగ్ నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నపుడు అనేక వాహనాలు మునిగిపోయాయి. ఇటువంటి కారును ముందుగా స్టార్టు చేయకూడదు. సిలిండరులో నీరు ఉంటే అది నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగు రాడ్డు వంగుతుంది. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఇంజనును చేతితో తిప్పి నీటిని వెళ్ళగొట్టాలి. తరువాత బెల్టు కవరు విప్పి చూడాలి. సన్నని ఒండ్రు మట్టి చక్రాల పళ్ళ మధ్య ఆరి గట్టిపడి ఉంటుంది. దానిమీదుగా తిరిగిన బెల్టు బిగుసుకుని ఒక పన్ను దాటే ప్రమాదం ఉంది. చక్రాలను శుభ్రం చేసి, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదనే లెక్క లేకుండా బెల్టును, టెన్షనరును మార్చడం క్షేమం.

మార్చే విధానం

ఇక్కడ ఇచ్చినది సాధారణ క్రమం మాత్రమే. బిగింపు కొలతలు, గుర్తుల స్థానాలు ఆయా కారు సర్వీసు పుస్తకంలో చూసుకోవాలి.

# ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పని మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసివేయాలి. కారును చదునైన నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ మీద మాత్రమే ఆధారపడకుండా స్టాండు పెట్టాలి.
# ఫ్యాను బెల్టు, ఎ.సి. బెల్టు ఉంటే అది, క్రాంకు పుల్లీ, బెల్టు కవరు వరుసగా విప్పాలి. కొన్ని కార్లలో ఇంజను మౌంటింగు కూడా విప్పవలసి ఉంటుంది. అప్పుడు ఇంజను కింద ఆధారం తప్పనిసరి.
# స్పార్కు ప్లగ్గులు విప్పితే ఇంజను చేతితో తేలికగా తిరుగుతుంది.
# పాత బెల్టు తీయకముందే గుర్తులన్నీ కలిసేలా క్రాంకును తిప్పాలి. ఇంజను సహజంగా తిరిగే దిశలోనే తిప్పాలి. చాలా కార్లలో పుల్లీ వైపు నుండి చూస్తే ఇది గడియారపు ముళ్ళ దిశ. కొన్ని పాత హోండా ఇంజన్లలో దీనికి వ్యతిరేకం.
# టెన్షనరు వదులు చేసి బెల్టు తీయాలి. ఇక్కడి నుండి కొత్త బెల్టు వేసేవరకు క్రాంకును గాని, క్యామ్‌ను గాని విడిగా తిప్పరాదు.
# ఆయిలు సీళ్ళు, వాటర్ పంపు, టెన్షనరు బేరింగు పరీక్షించాలి. బేరింగును చేతితో తిప్పినపుడు గరుకుగా ఉన్నా, పక్కకు ఊగినా మార్చాలి.
# కొత్త బెల్టును క్రాంకు చక్రం నుండి మొదలుపెట్టి, టెన్షనరు లేని వైపు బిగుతుగా ఉంచుతూ క్యామ్ చక్రం మీదికి ఎక్కించాలి. మిగిలిన వదులంతా టెన్షనరు వైపు చేరాలి.
# టెన్షనరు బిగువు పెట్టి, క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ సరిచూడాలి. ఆ తరువాతనే టెన్షనరు బోల్టును నిర్ణీత కొలతకు బిగించాలి.

బెల్టును మడవరాదు, మెలితిప్పరాదు, స్క్రూ డ్రైవరుతో పొడిచి ఎక్కించరాదు. లోపలి గాజునార దారాలు ఒకసారి విరిగితే పైకి కనిపించవు గాని, ఆ చోటనే తరువాత బెల్టు తెగుతుంది. దానిమీద గ్రీజు పూయడం కూడా తప్పే.

గుర్తులు కలపడం

క్రాంకు చక్రం మీద ఒక గుర్తు, దానికి ఎదురుగా ఇంజను శరీరం మీద మరొక గుర్తు ఉంటాయి. జెన్ వంటి కార్లలో ఈ స్థిరమైన గుర్తు ఆయిల్ పంపు కేసు మీద ఉంటుంది. క్యామ్ చక్రానికి కూడా ఇలాగే ఒక జత గుర్తులు ఉంటాయి. రెండు జతలూ ఒకేసారి కలవాలి. క్రాంకు గుర్తు ఒక్కటే చూసుకుంటే చాలదు. క్యామ్ ఒక చుట్టు తిరిగేలోగా క్రాంకు గుర్తు రెండుసార్లు కలుస్తుంది కాబట్టి క్యామ్ సగం చుట్టు తేడాగా ఉన్నా క్రాంకు గుర్తు సరిగ్గానే కనిపిస్తుంది.

కొత్తవారు తరచుగా క్రాంకు పుల్లీ మీద ఉండే ఇగ్నిషన్ గుర్తును టైమింగ్ గుర్తుగా పొరబడతారు. పుల్లీ గుర్తు స్పార్కు వేళను చూడడానికి ఉద్దేశించినది. బెల్టు అమరికకు చక్రం మీది గుర్తునే చూడాలి.

ఒక్క పన్ను తేడా ఎంత పెద్దదో లెక్క వేసి చూడవచ్చు. ఉదాహరణకు క్యామ్ చక్రానికి 40 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక్కో పన్ను 360ని 40తో భాగించగా వచ్చే 9 డిగ్రీలకు సమానం. క్రాంకు దానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది కాబట్టి క్రాంకు లెక్కలో ఇది 18 డిగ్రీలు. ఇంత తేడాతో ఇంజను స్టార్టు అయితే కావచ్చు గాని లాగుడు తగ్గుతుంది, ఐడిలింగులో వణుకుతుంది, మైలేజీ పడిపోతుంది. రెండు మూడు పళ్ళు తప్పితే రెండవ రకం ఇంజన్లలో వాల్వులు తగిలే ప్రమాదం ఉంది.

కొత్త బెల్టు మీద గీతలు ముద్రించి ఉంటే అవి మొదట అమర్చేటపుడు మాత్రమే పనికివస్తాయి. రెండు చుట్లు తిప్పిన తరువాత ఆ గీతలు చక్రాల గుర్తులతో కలవవు. బెల్టు పళ్ళ సంఖ్య, చక్రం పళ్ళ సంఖ్య వేరు కాబట్టి ఇది సహజమే. చక్రాల గుర్తులు కలిస్తే చాలు.

చేతితో తిప్పుతున్నపుడు మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలవంతంగా తిప్పరాదు. అది వాల్వును పిస్టను తాకడం కావచ్చు. బెల్టు తీసి, మళ్ళీ మొదటి నుండి చూసుకోవాలి. బెల్టు అప్పటికే తెగిపోయిన ఇంజనులో క్యామ్‌ను తిప్పవలసివస్తే ముందుగా పిస్టన్లను పైస్థానం నుండి కిందికి జరపాలి. నాలుగు సిలిండర్ల ఇంజనులో మొదటి పిస్టను పైస్థానం నుండి క్రాంకును 90 డిగ్రీలు తిప్పితే నాలుగు పిస్టన్లూ మధ్యకు వస్తాయి. మారుతి 800 వంటి మూడు సిలిండర్ల ఇంజనులో పిస్టన్లు 120 డిగ్రీల తేడాతో ఉంటాయి కాబట్టి 60 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు ఏ పిస్టనూ పైస్థానంలో ఉండదు.

కార్బురేటరు ఉన్న పాత కార్లలో డిస్ట్రిబ్యూటరును క్యామ్‌షాఫ్టే నడుపుతుంది. కాబట్టి బెల్టు మార్చిన తరువాత ఇగ్నిషన్ టైమింగును దీపంతో సరిచూడాలి. ఇండికా వంటి డీజిలు ఇంజన్లలో ఇంధన పంపు కూడా ఇదే బెల్టుతో తిరుగుతుంది. అక్కడ మూడు జతల గుర్తులు కలవాలి. పంపు గుర్తు తప్పితే పొగ, కొట్టుడు శబ్దం, స్టార్టింగు ఇబ్బంది వస్తాయి.

ఆటోనగర్, విడిభాగాలు

విజయవాడలో పటమట పక్కన, బందరు రోడ్డు సమీపంలో ఉన్న జవహర్ ఆటోనగర్ వాహనాల మరమ్మతుకు, లారీ బాడీల నిర్మాణానికి ప్రసిద్ధి. లేతు పని, హెడ్డు పని, విడిభాగాల దుకాణాలు ఒకేచోట దొరకడం వల్ల చుట్టుపక్కల జిల్లాల వారు కూడా ఇక్కడికి వస్తారు. అనేకమంది మెకానిక్కులు బడి చదువుతో కాక, చిన్నతనం నుండి మేస్త్రీల దగ్గర సహాయకులుగా చేరి పని నేర్చుకున్నవారు. వారి చేతి అనుభవం విలువైనదే అయినా బెల్టు బిగువును వేలితో నొక్కి అంచనా వేసే అలవాటు కంటె పుస్తకంలోని కొలత మేలు. ఎక్కువ బిగిస్తే వాటర్ పంపు బేరింగు పోతుంది, వదులుగా ఉంటే బెల్టు పన్ను దాటుతుంది.

బెల్టు కొనేటపుడు నకిలీ సరుకు విషయంలో జాగ్రత్త అవసరం. పెట్టె మీది భాగసంఖ్య, బెల్టు మీది భాగసంఖ్య ఒకటిగా ఉండాలి. ముద్రణ స్పష్టంగా ఉండాలి, పళ్ళ మీది గుడ్డ ఎక్కడా లేచి ఉండరాదు. పాత బెల్టుతో పళ్ళు లెక్కపెట్టి, వెడల్పు పోల్చి చూడాలి. బిల్లు తీసుకోవడం మరవరాదు.

పాత కారు కొనేవారికి సూచన

మునుపటి యజమాని బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు గాని, సర్వీసు పుస్తకంలో నమోదు గాని లేకపోతే అసలు మార్చలేదనే భావించాలి. మీటరు చూపే కిలోమీటర్లను నమ్మి గడువు లెక్కించడం సరికాదు. కొన్న వెంటనే బెల్టు, టెన్షనరు మార్చించి, తేదీని, మీటరు అంకెను ఒక చీటీ మీద రాసి బానెట్టు కింద అంటిస్తే తరువాత కొనేవారికి కూడా మేలు జరుగుతుంది. పని జరిగేటపుడు యజమాని దగ్గర ఉండి, రెండు చుట్లు తిప్పిన తరువాత గుర్తులు చూపించమని అడగడం అనుచితం కాదు. కవరు మూసిన తరువాత చూడడానికి ఏమీ ఉండదు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* కార్బురేటరు
* మారుతి 800
* విజయవాడ
* బుడమేరు